డాబా మీది డాబు

అమీర్‌పేటలో నేర్పనిదంటూ లేదు. ఒక అంతస్తులో జావా, దాని మీద పైథాన్, ఆ పైన క్లౌడ్. కింద ఫుట్‌పాత్ మీద బండి పెట్టుకున్నామె అమ్మేది రాగిజావ. పైన జావా మింగుడుపడనివాళ్లు కిందికి దిగి జావ మింగిపోతుంటారు. క్లౌడ్ నేర్చుకున్న కుర్రాళ్లు వీధికి వందమంది దొరుకుతారు గానీ, నిజంగా మబ్బు పడితే దానితో ఏం చేసుకోవాలో తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఒకే ఒక్కచోట ఉండేవాళ్లు. కోచింగ్ బిల్డింగుల వెనక సందులో, రెండంతస్తుల ప్రభుత్వ ఉన్నత పాఠశాల డాబా మీద.

ఆ బడికి హెడ్మాస్టరు వీర్రాజు. పేరులో వీరుడూ ఉన్నాడు, రాజూ ఉన్నాడు. చేతిలో మాత్రం సుద్దముక్కల డబ్బా ఉంది, అదీ సగం ఖాళీ. తండ్రి ఉద్యోగం కోసం రాజోలు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడితే, వీర్రాజు ఇక్కడే చదివి, ఇక్కడే పంతులై, వచ్చే ఏడు ఇక్కడే రిటైరు కాబోతున్నాడు. నోట్లోంచి గోదావరి యాస పోలేదు. మాటకి మాట అతికించే రోగం అంతకన్నా పోలేదు. "మనకి విధులు బోలెడు, నిధులు బోలు" అని ప్రతి స్టాఫ్ మీటింగులోనూ అంటాడు. విన్నవాళ్లే మళ్లీ నవ్వుతారు. నవ్వకపోతే మీటింగు పొడుగవుతుందని వాళ్లకి తెలుసు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకి వృత్తివిద్య కింద ప్రభుత్వం ఆ బడికి వ్యవసాయం కోర్సు ఇచ్చింది. ఇచ్చిందంటే పుస్తకాలిచ్చింది, నేర్పడానికి నవీననిచ్చింది. నేల మాత్రం ఇవ్వలేదు. అమీర్‌పేటలో చెప్పులు విడవడానికే జాగా లేదు, నాగలి ఎక్కడ దించుతారు. నవీనది సిద్దిపేట వైపు. వ్యవసాయ పాలిటెక్నిక్ చదివింది. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం. వచ్చిన వారానికే డాబా ఎక్కి నాలుగు మూలలూ చూసి, "గిదే మన చేను" అంది పిల్లలతో. పగిలిన నీళ్ల క్యాన్లు కోసి, చేపల దుకాణంవాళ్లు పారేసిన థర్మోకోల్ పెట్టెలు మోయించి, సిమెంటు సంచుల్లో మట్టి నింపించి, పాలకూరా మెంతికూరా టమాటా వేయించింది. నేల విడిచి సాము చెయ్యకూడదంటారు గానీ నవీన నేల విడిచి సేద్యమే చేసింది.

డాబా మీదికి నీళ్ల లైను లేదు. పిల్లలు కింద బోరింగు నుంచి బకెట్లు మోసేవాళ్లు. మెట్లన్నీ తడిసిపోతున్నాయని ఆయా వజ్రమ్మ తిట్టేది. తిడుతూనే తనూ ఒక బకెట్ అందుకునేది.

ఆ తోటలో అందరికన్నా మొండిది సుమశ్రీ. తొమ్మిదో తరగతి. క్యాన్‌లో సొర గింజ పెట్టి, తీగని తాడు మీదుగా వాటర్ ట్యాంకు దాకా పాకించింది. ఆ పిల్ల తండ్రి రాజనర్సయ్య ఎదురుగా ఉన్న కోచింగ్ బిల్డింగులో వాచ్‌మన్. జనగామ దగ్గర కౌలుకి పత్తి వేసి, అది చేతికి రాక పట్నం చేరినవాడు. కోర్సు పేరు విన్నరోజు బడికొచ్చి, "ఎవుసం ఇడిశిపెట్టి పట్నమొస్తిమి సారూ, బడిల మళ్ల ఎవుసమేనా" అని అడిగాడు. వీర్రాజు ఏదో జోకు వేసి పంపాడు. తర్వాత ఒక ఆదివారం వీర్రాజు పనిమీద బడికొస్తే, డాబా మీద రాజనర్సయ్య కూతురి తీగకి పందిరి కడుతూ కనిపించాడు. కట్టడం అయ్యాక కూడా కాసేపు దిగలేదు.

ఫిబ్రవరిలో సర్క్యులర్ వచ్చింది.

"అమ్మా నవీనా, శుక్రవారం టీమ్ వస్తోందట. తనిఖీ" అన్నాడు వీర్రాజు స్టాఫ్‌రూములో, ఫోన్‌లో పై వరస చదివి.

కింది వరసలు నవీన చదివింది. "తనిఖీ కాదు సార్. గీ సంవత్సరం పైసలు తగ్గినయంట, అన్ని బడులకు సరిపోవంట. ఎవరికి ఏం లేదో చూసి, లేనోళ్లకు ముందిస్తమని రాసిండ్రు. షేడ్ నెట్టు, నీళ్ల పైపు, పనిముట్లు. నా పోస్టు సుత గండ్లనే ఉన్నది."

"అన్ని సర్క్యులర్లూ అలాగే తియ్యగా మొదలవుతాయమ్మా."

"ఉన్నది ఉన్నట్టు చూపెడదాం సార్. నీళ్లు మీదికెక్కయి, నీడ లేదు, ఎండకు సగం మాడిపోతున్నయి. అయినా పిల్లలు ఇడుస్తలేరు. గదే చూడనీయుండ్రి."

వీర్రాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే కథ మొదలవబోతోందని లెక్క. "నేను కొత్తగా హెడ్మాస్టరైనప్పుడు ఓ ఆఫీసరుగారు వచ్చి, మీ బడిలో లోపాలేంటండీ అనడిగారు. అమాయకుణ్ణి, చెప్పాను. బాత్రూముకి తలుపు లేదండీ అన్నాను. వారం తిరక్కుండా మెమో. తలుపు లేని సంగతి ఇన్నాళ్లు ఎందుకు దాచారో సంజాయిషీ ఇవ్వాలట. తలుపే లేని బాత్రూములో నేనేం దాచగలనో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు."

స్టాఫ్‌రూము ఘొల్లుమంది. నవీన నవ్వలేదు.

"గది అప్పటి కాలం సార్."

"కాలం మారుతుంది తల్లీ, కాలమ్ మారదు. లోపాలు అని ఒక కాలమ్ ఉంటుంది. అందులో నీళ్లు లేవని రాస్తే, నీళ్లు రావు. మన మీద నీళ్లు చల్లుతారు. వచ్చినవాళ్ల కళ్లకి పచ్చగా కనపడాలి. పచ్చగా కనపడితే మార్కులు, నీ పోస్టూ పచ్చగా ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న వ్యవసాయం ఇదొక్కటే."

"కనీసం మంచి ఎరువన్న ఇప్పియ్యండ్రి. జర పచ్చవడ్తయి."

"ఎరువే తెస్తాను" అన్నాడు వీర్రాజు.

తెచ్చాడు. తోటలో వేసే ఎరువు కాదు, తోటనే ఎరువు తెచ్చాడు. పంజాగుట్టలో పెళ్లిళ్లకీ రిసెప్షన్లకీ పూలకుండీలు అద్దెకిచ్చే అనుదీప్ ఈ బడిలో చదువుకున్నవాడే. పంజాగుట్టకి గుట్టుగా ఒక ఫోను చేస్తే, గురువారం బడి వదిలాక ట్రాలీ ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. మైనం పూసినట్టు మెరిసే క్రోటన్లు, మనిషెత్తు పామ్ మొక్కలు, ఎర్రటి తొట్లలో బంతులు.

"ఎల్లుండి మాదాపూర్‌ల రిసెప్షన్ ఉంది సార్. రేపు పొద్దుమూకినంక తీస్కపోత" అన్నాడు అనుదీప్.

"తీసుకుపో నాయనా. మాకు కావాల్సింది పెళ్లిచూపుల వరకే."

పిల్లల క్యాన్లూ పెట్టెలూ సంచులూ మెట్ల గదిలోకి చేరాయి. అన్నీ కదిలాయి గానీ సొర తీగే ఇబ్బంది పెట్టింది. సుమశ్రీ తాడు మీంచి ఒక్కొక్క నులితీగనీ విప్పుతోంది. వజ్రమ్మ పట్టుకుంది. గది గుమ్మం దగ్గర తీగని మలుస్తుంటే ఒక కణుపు దగ్గర చిన్నగా చిట్లిన చప్పుడయింది. వజ్రమ్మ నాలిక కరుచుకుంది. పిల్ల చిట్లినచోట వేలు పెట్టి చూసుకుంది.

"ఏం పర్లేదమ్మా, ఒక్కరోజే" అన్నాడు వీర్రాజు. "సొరకాయలు పెంచడం నీ వంతు, కొయ్యడం నా వంతు. రేపు చూడు ఎన్ని కోస్తానో."

సుమశ్రీ పెద్దవాళ్ల కోసం నవ్వే నవ్వు ఒకటి నవ్వింది. తీగ మీద తన చున్నీ కప్పి తలుపు వేసింది.

శుక్రవారం ముగ్గురొచ్చారు. పెద్దాయన పేరు హనుమత్ప్రసాద్. మెట్లెక్కేసరికి చొక్కా తడిసిపోయింది. డాబా మీద అడుగుపెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. నగరం నడిబొడ్డున నందనవనం. కంటికి పచ్చగా ఉంది. పచ్చగా ఉన్నది పచ్చి అబద్ధమని తెలిసినవాళ్లు అక్కడ పాతికమంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. వాళ్లంతా హెడ్మాస్టరు మొహం వంకే చూస్తున్నారు.

"ఇది నువ్వు పెంచిందేనా అమ్మా?" ఆయన అడిగింది సుమశ్రీని. ఆ పిల్లని వీర్రాజే ఒక పామ్ మొక్క పక్కన నిలబెట్టాడు.

"మా పిల్లలందరి ఉమ్మడి కష్టమండీ" అన్నాడు వీర్రాజు ఆ పిల్ల నోరు తెరిచేలోపు.

"చాలా బాగుంది. ఏమ్మా, ట్రైనర్‌గారూ, మీకేమైనా ఇబ్బందులున్నాయా?"

నవీన వీర్రాజు వైపు చూసింది. "సార్, నీళ్లు..." అని మొదలుపెట్టింది.

"నీళ్లు తెప్పిస్తానండీ, మెట్లెక్కి అలిసిపోయారు. ఇబ్బందులంటారా, కొరత అన్నమాటకే మా బడిలో కొరత."

హనుమత్ప్రసాద్ పగలబడి నవ్వాడు. కూడా వచ్చినవాళ్లు నవ్వారు. వీర్రాజుకి ఒళ్లు తేలిపోయింది. చప్పట్లకీ నవ్వులకీ చిన్నప్పట్నుంచీ లొంగిపోయే మనిషి.

దిగేటప్పుడు మెట్ల మలుపులో హనుమత్ప్రసాద్ ఆగాడు. మిగతావాళ్లని ముందు పోనిచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "మాస్టారూ, నిజంగా ఏమీ అక్కర్లేదా? అడగమని వచ్చినవాళ్లం ఎప్పుడో గానీ రాము. ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను."

వీళ్ల పక్కనే మెట్ల గది తలుపు. చెయ్యి చాచితే గడియ అందుతుంది. తీస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. వీర్రాజు చెయ్యి ఆ వైపు కదిలింది కూడా. కానీ తీశాక ఏమంటారు? ఈ మొక్కలు ఎవరివంటారు. ఇంతసేపు ఎందుకు చెప్పలేదంటారు. తలుపు లేని బాత్రూము మెమో కళ్లముందు రెపరెపలాడింది. వచ్చే ఏడు రిటైర్మెంటు.

"మీ ఆశీస్సులుంటే చాలండీ" అన్నాడు చేతులు జోడించి.

ఆ సాయంత్రం ట్రాలీ ఆటో వచ్చి నందనవనాన్ని మాదాపూర్ తీసుకుపోయింది. క్యాన్లు మళ్లీ డాబా ఎక్కాయి. పాలకూర తేరుకుంది. సొర తీగ చిట్లిన కణుపు నుంచి పైదంతా వడిలిపోయింది.

ఉత్తర్వు ఏప్రిల్‌లో వచ్చింది. ఈసారి వీర్రాజు పై వరస దగ్గర ఆగకుండా చివరిదాకా చదివాడు. తమ పాఠశాలలో వ్యవసాయ విభాగం అన్ని వసతులతో స్వయంసమృద్ధిగా ఉన్నందుకు అభినందనలు. బయటి సాయం లేకుండానే సైన్సు ఉపాధ్యాయులు దాన్ని నడిపించుకోగలరని పరిశీలనలో తేలింది. అందువల్ల ట్రైనర్ పోస్టునూ, మంజూరు కావలసిన సామగ్రినీ, వసతులు లేని శంషాబాద్ అవతలి పాఠశాలకు మార్చడమైనది.

సైన్సు టీచరు ఒక్కరే. ఆవిడకి ఉన్న తరగతులకే ఊపిరాడదు. ట్రైనర్ లేకపోతే కోర్సుకి పరీక్ష పెట్టేవాళ్లుండరు. వచ్చే జూన్ టైంటేబుల్లో వ్యవసాయం అన్న గడి ఉండదు. ఇదంతా వీర్రాజుకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని అప్పటికప్పుడు మెట్రో ఎక్కాడు. లక్డీకాపూల్‌లో దిగేదాకా మనసులో వాక్యాలు పేర్చుకున్నాడు. ఇవాళ కుండీల సంగతి కుండబద్దలు కొట్టి తీరాలి.

విద్యాశాఖ ఆఫీసులో హనుమత్ప్రసాద్ లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు. "రండి రండి, ఇందాకే మా వాళ్లతో అంటున్నాను, కొరతకి కొరత మాస్టారని."

వీర్రాజు కూర్చోలేదు. "ఆ తోట మాది కాదండీ" అన్నాడు.

"అంటే?"

"అద్దెకి తెచ్చాను. పెళ్లిళ్లకి పెడతారు చూడండి, ఆ కుండీలు. పిల్లల మొక్కలు మెట్ల గదిలో పెట్టి గడియ వేశాను. మీరు ఆగి అడిగారే, ఆ గదే. మాకు నీళ్లు లేవు, నీడ లేదు. బకెట్లతో మోస్తారు. నవీన చెప్పబోతే నేనే అడ్డుపడ్డాను."

హనుమత్ప్రసాద్ మెల్లగా కూర్చున్నాడు. చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. తిడతాడనుకున్నాడు వీర్రాజు. మెమో అంటాడనుకున్నాడు. దానికి సిద్ధపడే వచ్చాడు.

"శంషాబాద్ అవతలి స్కూలుకి వెళ్లాం" అన్నాడాయన చివరికి. "అక్కడి హెడ్మిస్ట్రెస్ రుద్రమ్మగారు ఎండిపోయిన మడి దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టారు. ఇదండీ మా పరిస్థితి అన్నారు. ఒక్క జోకు వెయ్యలేదు. రెండిటికీ ఇవ్వడానికి డబ్బు లేదు మాస్టారూ. ఒకటే. నిజం చెప్పాలంటే నాకు మీ స్కూలుకే ఇవ్వాలని ఉండింది. అమీర్‌పేట నడిమధ్య పిల్లలు పంట పండిస్తున్నారంటే పదిమందికి చూపించుకోవచ్చు, వచ్చే ఏడు ఇంకాస్త డబ్బు అడగొచ్చు. అందుకే మెట్ల మీద ఆగి మళ్లీ అడిగాను. మీరు ఒక్కటి కావాలన్నా రాద్దామని పెన్ను తీసి పట్టుకున్నాను."

"ఇప్పుడు రాయలేరా అండీ?"

"అక్కడ పైపులు వెయ్యడం మొదలుపెట్టారు. వాళ్లవి పీకి మీకివ్వమంటారా?"

వీర్రాజు తల అడ్డంగా ఊపాడు.

"నా మీద చర్య తీసుకోండి" అన్నాడు.

"తీసుకుంటే మీ పిల్లలకి ట్రైనర్ వస్తుందా? వెళ్లి రండి. ఎండగా ఉంది, కాస్త మజ్జిగ తాగి వెళ్లండి."

మజ్జిగ వచ్చింది. తాగాడు. దాని మీద ఏదో ఒక మాట ఆడటం ఆయనకి పెద్ద పని కాదు. ఆ పూట ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, దండం పెట్టి బయటికి నడిచాడు.

సెలవులిచ్చే రోజు నవీన తన సామాను సర్దుకుంది. పెద్దగా ఏం లేదు, రెండు చేతి పారలూ, విత్తనాల డబ్బాలూ. వీర్రాజు గేటు దాకా వచ్చాడు.

"నా మీద కోపంగా ఉందా అమ్మా?"

"ఉంది సార్" అంది నవీన. "మీరు నన్ను కాపాడాలనే చేసిండ్రు. గది నాకు ఎరికే. ఎరికైనా కోపమైతే పోతలేదు. పిల్లలు నన్ను అడిగిండ్రు సార్, మన మొక్కలు మంచిగలేవని దాసిపెట్టిండ్రా టీచర్ అని. నేనేం చెప్పాలె?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆటో పిలుచుకుని వెళ్లిపోయింది.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం రాజనర్సయ్య వచ్చాడు. వాచ్‌మన్ యూనిఫాంలో, టోపీ చంకలో పెట్టుకుని, హెడ్మాస్టరు గది గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"లోపలికి రండి రాజనర్సయ్యగారూ. ఏంటి సంగతి?"

"బిడ్డకు టీసీ కావాలె సారూ."

"పదో తరగతిలో టీసీ ఏంటండీ? ఇంకా ఈ ఒక్క ఏడేగా."

"శంషాబాద్ అవుతల మా అక్క ఉంటది. ఆడ ఉండి సదువుతదంట. గా నవీన మేడం బడిల." అతను టోపీ చేతిలోకి తీసుకుని అంచు తడిమాడు. "నేనే వద్దంటి సారూ మొదాల. పత్తి ముంచినంక మట్టి మొఖం సూడొద్దనుకున్న. గిప్పుడు పొల్ల ఇంటలేదు. పంటలకు రోగమొస్తే సూసే సదువుంటదంట గద, గది సదువుతనంటది. మీద పందిరి కట్టినప్పుడు నాకు సుత జర పానం గుంజింది. సదువనీ అనుకున్న."

"ఇక్కడ తిరిగి తెప్పించడానికి ప్రయత్నం చేస్తానండీ. వచ్చే ఏడు..." అని వీర్రాజు ఆగిపోయాడు. వచ్చే ఏడు ఆ పిల్ల ఈ బడిలో ఉండదు. తనూ ఉండడు.

టీసీ పుస్తకం తీశాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చాడు. బడి మారడానికి కారణం దగ్గర పెన్ను ఆగింది.

రాజనర్సయ్య అది గమనించాడు. పట్నమొచ్చినప్పట్నుంచీ ఇంకొకరి గేటు కాస్తున్న మనిషికి ఎవరెక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది. "ఇల్లు మారుతున్నమని రాయుండ్రి సారూ" అన్నాడు మెల్లగా. "అందరు గట్లనే రాపిచ్చుకుంటరు. ఎవలకు తిప్పలుండదు."

మంచి మాట. వీర్రాజు ఇంతకాలం అలాంటివి కొన్ని వందలు రాశాడు. ఆడపిల్లని పనిలో పెట్టడానికి మాన్పించినా ఇల్లు మారడమే, ఫీజులు కట్టి ప్రైవేటులో వేసినా ఇల్లు మారడమే. రాస్తే ఎవరూ అడగరు.

ఆయన పెన్ను విదిలించి, అక్షరాలు గుండ్రంగా పెట్టి రాశాడు. ఈ పాఠశాలలో వ్యవసాయ కోర్సు లేనందున.

రాజనర్సయ్య కూడబలుక్కుని చదువుకున్నాడు. "గిట్ల రాస్తే మీకేమన్న అయితదేమో సారూ."

"అవ్వనీండి" అన్నాడు వీర్రాజు.

సంతకం పెట్టి, సీలు వేసి, సిరా ఆరేదాకా కాగితాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులతో ఇచ్చాడు. బయట వరండాలో సుమశ్రీ నిలబడి ఉంది. తండ్రి కాగితం చూపిస్తే తల ఊపి, గుమ్మంలోకి వచ్చి, "పోయొస్త సార్" అంది.

"మంచిది తల్లీ" అన్నాడాయన. ఇంకేదైనా అంటాడేమోనని ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. మెట్లు దిగి వాళ్లిద్దరూ గేటు దాటారు.